పెళ్ళి ముసుగుకి పూచీ ఎవరిది

"సూడు. మొహం తిప్పుకోకుండా సూడు" అంది ఎమిలీ.

విశాఖపట్నంలో ఆమె చెయ్యి కదిపితే ఖరగ్‌పూర్‌లో ఫోను తెరమీద తెల్లటి వల కదిలింది. వల నడుమ గుప్పెడు పట్టేంత కన్నం. కన్నంలోంచి ఎమిలీ గడ్డం కనిపించింది.

డయానా ఫోనును రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. బడి నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పలేదు.

"అంచు లేసు కూడా పోయిందా వదినా?"

"అంచేటి, నడుమేటి, అంతా పోయింది. జెనీ నెత్తిమీద ఏస్తే గాలి బాగా ఆడతాది."

ఎమిలీకి కోపమొస్తే వేళాకోళం వస్తుంది. ఏడుపొచ్చినా వేళాకోళమే వస్తుంది. ఇప్పుడు ఏది వచ్చిందో డయానాకి అంతుపట్టలేదు.

ఆ ముసుగు దాలమ్మది. ఆమె పెళ్ళికి ఆమె అత్తగారు కొన్నది. దాలమ్మ తర్వాత కూతురు ఎమిలీ, ఎమిలీ తర్వాత కోడలు డయానా, దాన్నే నెత్తిన వేసుకుని గుడిలో నడిచారు. వచ్చే శనివారం ఎమిలీ కూతురు జెనీ వంతు. పెట్టెలో పెట్టి పంపింది డయానా. పోస్టులో పంపుదామన్నదీ డయానాయే. అందుకే మొన్నటి నుంచి ఆ ఇంట్లో ఎవరు ఎటు చూడబోయినా చివరికి ఆమె వైపే చూస్తున్నారు.

"పార్సెలు పోస్టుమాస్టరు ఎదరే విప్పించినాను. ఎలకలు కొట్టేసినాయని ఆయనే రాసినాడు. గవర్నమెంటు పూచీ అన్నావు కదా, ఇప్పుడు గవర్నమెంటుని పిలు. వచ్చి కుట్టమను" అంది ఎమిలీ.

"అదే చేస్తన్నాను వదినా. కంప్లైంటు ఇచ్చినాను. రేపు పోస్టాఫీసు ఇన్‌స్పెక్టరు మనింటికే వస్తాడంట."

అంతవరకూ గుమ్మం పక్కన పీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న దాలమ్మ తలెత్తింది.

"ఎమిలీ, పెట్టిలో ముసుగొక్కటే ఉన్నాదా?"

అవతల మాట ఆగిపోయింది. ఫోను తెరమీద ఎమిలీ మొహం కూడా ఆగిపోయింది. సిగ్నల్ పోయిందనుకుంది డయానా. కానీ ఎమిలీ వెనక గోడమీద ఫ్యాను నీడ తిరుగుతూనే ఉంది.

"ఇంకేటుంటాది అమ్మా" అంది ఎమిలీ చివరికి. ఆ వెంటనే ఫోను పెట్టేసింది.

డయానా అత్తగారి వైపు తిరిగింది. "అలగ అడిగినారేటి అత్తా?"

"ఊరికే అడిగినాను" అంది దాలమ్మ. ఒలిచిన వెల్లుల్లినే మళ్ళీ గోటితో గీకసాగింది.

*

రైల్వే వర్క్‌షాపు సైరను మోగాక డయానా మొగుడు సిరిల్ ఇంటికొచ్చాడు. చేతులు సబ్బుతో రుద్దుకుంటూనే పెళ్ళాం మొహం చూసి సంగతి గ్రహించాడు. గ్రహించినా ఊరుకోవడం అతనికి రాదు.

"టోని చేతికి ఇద్దామని సెప్పినానా లేదా?"

టోని అతని స్నేహితుడు, ఇంజను డ్రైవరు. ఆ ఇంట్లో ఏ వస్తువైనా అలాగే ప్రయాణం చేసేది. సిరిల్ తండ్రి ఆమోసు బతికున్నన్నాళ్ళూ రైలు గార్డుగా చేశాడు. పప్పుల డబ్బా దగ్గర్నుంచి పెళ్ళి శుభలేఖ దాకా సాయంత్రం మెయిలు గార్డు చేతిలో పెడితే పొద్దుటికి వాల్తేరులో ఎవరో ఒకరు అందుకునేవారు. తూకం లేదు, రసీదు లేదు, మధ్యలో విప్పి చూసేవాడూ లేడు.

"టోనీకి బండి మార్చేసినారు. నువ్వే సెప్పినావు" అంది డయానా.

"ఇంకొకడు దొరికేవోడు."

"దొరికేదాకా పెళ్ళి ఆగదు. అయినా ఎవడి చేతికో ఇస్తే, పోతే ఎవర్ని అడుగుతాం? అందుకే ఇన్షూర్ చేయించినాను. లక్క సీలు వేయించినాను. ఇంకేటి చెయ్యాలో చెప్పు."

ఆమె అతన్ని నువ్వు అంటుంది. ఇద్దరూ ఖరిదా పేటలో ఒకే వీధిలో పెరిగారు. పెళ్ళయ్యాక మీరు అనమని దాలమ్మ కొన్నాళ్ళు సణిగి విసిగి మానేసింది.

"సరే, పోయింది పోయింది. కొత్తది కొనేద్దాం. గవర్నమెంటుతో పేచీ ఎందుకు? వాళ్ళు ఇచ్చే డబ్బు ఎప్పుడికి వస్తాది?"

"నాకు డబ్బు వద్దు."

"మరేటి కావాలి?"

పొయ్యి మీద పాలు పొంగబోతుంటే డయానా మంట తగ్గించింది. తగ్గించాక కూడా అటే చూస్తూ మాట్లాడింది.

"వాళ్ళు రాసివ్వాలి. మా దగ్గర పాడైందని ఒక్క ముక్క రాసివ్వాలి. అది తీసుకెళ్ళి వదిన చేతిలో పెడతాను. పెళ్ళికొడుకు తరపోళ్ళందరికీ చెప్పిందంట, మా తమ్ముడి పెళ్ళాం పెట్టడం చేతకాక పాడుచేసిందని. జెనీ కూడా నా ఫోను ఎత్తడం లేదు. నా చేతుల్తో ఎత్తుకున్న పిల్ల సిరిల్."

సిరిల్ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఆరిపోయిన చేతుల్ని మళ్ళీ తుడుచుకున్నాడు. భార్య బాధ అతనికి అర్థమైంది, ఏం చెయ్యాలో మాత్రం అర్థం కాలేదు. అలాంటప్పుడు మగవాళ్ళు చేసే పనే చేశాడు. ఆకలేస్తోందన్నాడు.

ఆ పూట దాలమ్మ అన్నం తినలేదు. కడుపు బాగులేదంది. భోజనం ముందు ప్రార్థన రోజూ ఆమే చేస్తుంది. ఆవేళ "నువ్వు సెయ్యరా" అని కొడుక్కి ఒప్పజెప్పింది. ఈ వింతను ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవలసిన వింతలు ఎక్కువైపోతే చిన్నవి జారిపోతాయి.

*

మర్నాడు మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు టోటో రిక్షా దిగి గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చంకలో ఫైలుతో, కొంచెం దగ్గుతో ఉన్నాడు. దాలమ్మ కుర్చీ వేసి, కూర్చోమని బెంగాలీలో "బొషూన్ బాబా" అంది.

"తెలుగులో చెప్పండి మాసీమా. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను. తెలుగు రాకపోతే గోల్‌బజార్‌లో చేపల బేరం చెయ్యగలమా?" అన్నాడు ఆయన నవ్వుతూ.

మాట బెంగాలీ యాసలో ఉన్నా స్పష్టంగానే ఉంది. దాలమ్మ మాత్రం నవ్వలేదు.

ఆయన టీ తాగుతూ విషయం చెప్పాడు. మామూలు పార్సెలు దారిలో పోయినా, పాడైనా ప్రభుత్వానికి పూచీ లేదు. చట్టమే అలా ఉంది. ఎవరో కావాలని దొంగిలించినా, నాశనం చేసినా ఆ చేసినవాడి మీదకే పోతుంది. బీమా చేయించిన పార్సెలుకి మాత్రం రాయించిన విలువ వరకు పూచీ పడుతుంది.

"దీదీ, మీరు బీమా చేయించి మంచి పని చేశారు" అన్నాడు.

డయానాకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ వారంలో తను చేసినదాన్ని మంచిపని అన్న మొదటి మనిషి ఆయనే.

"అయితే రాసిస్తారా? మీ దగ్గరే పాడైందని?"

"అదే చూస్తున్నాను. మీ పార్సెలు ఉన్న బస్తా ఎక్కవలసిన బండి రద్దయింది. మధ్యలో సెలవులొచ్చాయి. బస్తా ఇక్కడే స్టేషన్‌లో, మెయిల్ షెడ్డులో పడి ఉంది. కన్నం అక్కడే పడిందని నా అనుమానం. కానీ ఒక్క సంగతి నా బుర్రకి ఎక్కడం లేదు." ఆయన గ్లాసు కింద పెట్టాడు. "షెడ్డులో చాలా పార్సెళ్ళు ఉన్నాయి. బిస్కట్లు ఉన్నాయి, పుస్తకాలు ఉన్నాయి. ఎలుక వాటి జోలికి పోలేదు. బస్తా కొరికి, గుడ్డ కొరికి, అట్టపెట్టె కొరికి మీ ముసుగు దగ్గరికే ఎందుకు పోయింది?"

"నాకేం తెలుసు దాదా?"

"పెట్టె సర్దింది ఎవరు?"

"నేనే. బటరు పేపరు వేసి, నాఫ్తలీన్ ఉండలు వేసి సర్దినాను."

"పెట్టె మీద గుడ్డ కుట్టించింది?"

"మా అత్త. నాకు బడి ఉంది. గోల్‌బజార్‌లో పార్సెళ్ళు కుట్టే ముసలాయన దగ్గరికి ఈవిడ పట్టుకెళ్ళి కుట్టించుకొచ్చినారు. సీలు నా ఎదరే వేసినారు."

ఇన్‌స్పెక్టరు దాలమ్మ వైపు చూశాడు. దాలమ్మ ఖాళీ గ్లాసు తియ్యడానికి వంగింది. ఆ వంగడం అవసరమైనదానికంటే ఎక్కువసేపు సాగింది.

"లోపల తినే వస్తువు ఏమైనా ఉందా దీదీ? ఇలా అడగడం రూలు. చెప్పకుండా తినే వస్తువు పెడితే, దాని వల్ల పాడైతే, పూచీ మాది కాదు. పంపినవాళ్ళదే."

"లేదు" అంది డయానా. "బైబిలు పట్టుకుని చెప్పమన్నా చెప్తాను."

"బైబిలు అక్కర్లేదు. ఈ కాయితం మీద మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. ఠీక్ హై? నేను రిపోర్టు పంపిస్తాను. ఆఫీసు మీకు డబ్బూ ఇస్తుంది, కాయితమూ ఇస్తుంది." ఆయన కలం తీసి బల్లమీద పెట్టాడు. తర్వాత కొంచెం ఇబ్బందిగా అన్నాడు. "ఆ షెడ్డు మనిషికే కష్టం పాపం."

"ఏ మనిసి?" అంది దాలమ్మ. ఆమె ఇంకా గ్లాసు పట్టుకునే ఉంది.

"ప్రభుత్వం ఇచ్చిన డబ్బు ఎవరో ఒకరి దగ్గర రాబట్టాలి కదా మాసీమా. కాపలా డ్యూటీ ఎవరిదో వాళ్ళ అజాగ్రత్త కింద రాస్తారు. ఇతను కాజువల్ కూలీగా చాలాకాలం నుంచి చేస్తున్నాడు. పర్మినెంటు కాయితం ఇప్పుడే పైకి వెళ్ళింది. ఈ మచ్చ పడితే అది వెనక్కి వచ్చేస్తుంది." ఆయన దగ్గాడు. "మీ తెలుగువాడే. సొలొమోను."

గ్లాసు పగల్లేదు. దాలమ్మ దాన్ని జాగ్రత్తగా కిటికీలో పెట్టింది.

"డయానా, ఒక్కసారి వంటగదిలోకి రా."

*

వంటగది తలుపు దగ్గరగా వేసి దాలమ్మ గోడకి ఆనుకుంది. మాట గుసగుసగా వచ్చింది.

"పొట్లం ఒకటి పెట్టినాను."

"ఏటి?"

"ఎండు నెత్తళ్ళు. సిన్న పొట్లం. కుట్టించే ముందర అట్టపెట్టి మూత తీసి ముసుగు కింద పెట్టినాను."

డయానాకి మాట అర్థమైంది, విషయం అర్థం కాలేదు. పెళ్ళి ముసుగు కింద ఎండు చేపలు. ఆమె ఒక్క క్షణం నవ్వుతుందేమో అన్నట్టు పెదవి కదిలింది. కానీ నవ్వు రాలేదు.

"ఎందుకత్తా?"

"తెల్లబట్ట ఒక్కటే పంపకూడదే. ఒట్టి తెల్లబట్ట ఎప్పుడు పంపుతాం, మనిసి పోయినప్పుడు పంపుతాం. పెళ్ళికి పంపితే దానికి తోడు నోట్లో ఏసుకునేది ఏదో ఉండాలి. మా అత్త నాకు అలగే ఇచ్చింది, ముసుగులో బెల్లం మూట కట్టి. నీకు నాను ఇచ్చినప్పుడు కొంగులో అటుకులు పోసినాను, గేపకం ఉన్నాదా?"

జ్ఞాపకం ఉంది. అత్తగారు అటుకులు పోస్తే ఇదేదో ముద్దు అనుకుందే గానీ దాని వెనక ఇంత భయం ఉందని డయానాకి ఏనాడూ తోచలేదు.

"బెల్లం పెట్టలేకపోయినారా?"

"అదే పెడదామనుకున్నాను. ఎమిలీ ఫోను సేసి, అమ్మా, నెత్తళ్ళు పంపవే, ఇక్కడియ్యి ఆ రుసి రావంది. మీ మావ ఉన్నప్పుడు గార్డు పెట్టిలో ఎన్నిసార్లు పంపనేదు? ఒక్క రాత్రిలో సేరిపోయేది. ఇదీ అంతే అనుకున్నాను. గోడౌనులో పడుంటాదని నాకేటి తెల్సు."

డయానా నీళ్ళ బిందె మూత మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఇన్నాళ్ళూ ఏదో తప్పు చేశానేమోనని తన చేతుల్ని తానే తిప్పి చూసుకుంది. కాగితం సరిగా వెయ్యలేదేమో, తాడు వదులుగా కట్టానేమో అని ఎన్నిసార్లు పెట్టెను మనసులో మళ్ళీ సర్దిందో లెక్కలేదు.

"అయితే వదినకి తెల్సు."

దాలమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"పెట్టె విప్పగానే తెల్సి ఉంటాది. పోస్టుమాస్టరుకి తట్టకపోయినా, అడిగి తెప్పించుకున్న తనకి వాసనకే తెల్సి ఉంటాది. తెల్సే నన్ను అన్ని మాటలన్నాది. మీరు పీట మీద కూచుని విన్నారు."

"ఇన్నాను" అంది దాలమ్మ. "తప్పే. ఎమిలీ వియ్యాలోళ్ళ ముందర తల ఎత్తుకోలేదని నోరు మూసుకున్నాను. ఎలగూ గవర్నమెంటు పూచీ అన్నావు కదా. గవర్నమెంటుకి ఏటి తక్కువ, ఇచ్చేత్తాది, అందరూ మర్చిపోతారు అనుకున్నాను. గవర్నమెంటంటే ఎక్కడో ఉంటాదనుకున్నానే. మన సొలొమోను అనుకోనేదు."

సొలొమోను తల్లి చిన్నప్పుడే పోయింది. పక్క క్వార్టరులో తండ్రి డ్యూటీకి వెళ్తే పిల్లాడికి అన్నం పెట్టింది దాలమ్మే. ఇప్పటికీ ఆదివారం గుడిలో ఆమెకి కుర్చీ వేసేది అతనే.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అంది డయానా. ఆమె అడిగింది అత్తగారినో, తన్నుతానో, ఆమెకే తెలియదు.

*

ముందు గదిలోకి వచ్చేసరికి సిరిల్ వచ్చి ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు వస్తాడని గంట పర్మిషను పెట్టి వచ్చాడు. బల్లమీద కాగితం, కాగితం మీద కలం అలాగే ఉన్నాయి.

"సంతకమే కదా, పెట్టేయి. నీకు కావలసిన కాయితం వస్తాది" అన్నాడు.

దాలమ్మ ముందుకు వచ్చింది. "బాబా, ఆ రాతేదో నాను రాస్తాను."

ఇన్‌స్పెక్టరు తల అడ్డంగా ఊపాడు. "కుదరదు మాసీమా. రసీదు మీద పంపినవారు దీదీ. మంచయినా చెడయినా దీదీ సంతకమే చెల్లుతుంది."

ఆయన ఆ మాట మామూలుగానే అన్నాడు. కానీ డయానా వైపు చూసిన చూపు మామూలుగా లేదు. వంటగది తలుపు పాతది, సరిగ్గా పడదు. గుసగుస ఎంతవరకు వినిపించిందో, విన్న తెలుగు ఎంతవరకు అర్థమైందో ఆ మొహం చూస్తే తేలలేదు.

అప్పుడే ఫోను మోగింది. ఎమిలీ. డయానా ఎత్తింది.

"ఇన్‌స్పెక్టరు వచ్చినాడా?" అంది ఎమిలీ. వేళాకోళం లేదు. గొంతు సన్నగా ఉంది.

"వచ్చినాడు. కాయితం రాసిమ్మంటన్నాడు. అత్త అంతా చెప్పినారు."



"రాయకు డయానా. నీకు దణ్ణం పెడతాను. ఈ వియ్యాలోళ్ళు సూడ్డానికి మెత్తగా ఉంటారు గానీ మాట పట్టుకుంటే వదల్రు. తల్లి ఎండు సేపలు తెప్పించుకుని పెళ్ళి ముసుగు ఎలకలకి పెట్టినాదని తెలిస్తే జెనీని జన్మంతా దెప్పుతారు. నువ్వు ఎలగూ మాట పడిపోయినావు. ఇంకొంచెం పడితే నీకేటి పోద్ది?"

ఆ చివరి మాటకి కోపం వస్తుందనుకుంది డయానా, రాలేదు. వదిన ఆ మాట నిజంగానే నమ్మి అంది. మాట పడడం డయానా వాటా అన్నట్టు, అది ముందే పంచేసిన ఆస్తి అన్నట్టు అంది.

ఆమె ఫోను పెట్టెయ్యలేదు. బల్లమీద కాగితం పక్కనే ఉంచింది. కలం తీసుకుంది.

లేదని రాస్తే ప్రభుత్వం తప్పు తనదేనని ఒప్పుకుంటుంది, సొలొమోను పని పోతుంది. ఉందని రాస్తే, ఎవరు పెట్టారో దేవుడికి తెలిసినా, ఆఫీసు ఫైలులో మాత్రం పంపిన డయానా దాచిందనే ఉండిపోతుంది. తప్పు నాది కాదని రాయించుకోవడానికి పిలిపించుకున్న మనిషి ఎదుట కూర్చుని, తప్పు నాదేనని తన చేత్తో రాయాలి.

"ఏటాలోచన?" అన్నాడు సిరిల్. అతనికి ఇంకా ఏమీ తెలియదు.

ఆమె 'ఈ పార్సెలు పంపినది నేనే' అని రాసింది. అంతవరకు ఏ దారిన వెళ్ళినా నిజమే. రెండో వాక్యం దగ్గర కలం ఆగింది.

బయట గేటు కిర్రుమంది. ఎవరో సైకిలుకి స్టాండు వేశారు.

"దాలమ్మత్తా, ఉన్నావా?"

ఆ గొంతు గుర్తుపట్టి దాలమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. సొలొమోను వరండా మెట్టు మీదే నిలబడ్డాడు. ఎండలో తొక్కుకుంటూ వచ్చాడేమో చొక్కా వీపుకి అతుక్కుపోయింది. లోపలి చీకట్లో ఎవరెవరు కూర్చున్నారో అతనికి ఇంకా కళ్ళు ఆనలేదు.

"లోపలికి రానులే అత్తా, బేగి ఎళ్ళాలి. ఆదివారం ప్రార్థనలో నా పేరు సెప్పించు. నా డ్యూటీలో ఏదో పెళ్ళి పార్సెలు ఎలకలు కొట్టేసినాయంట. ఎంక్వైరీ వచ్చినాది. ఎవరిదో నాకు సెప్పడం నేదు."

అతను చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"ఆ పెళ్ళికూతురి కోసం కూడా సెయ్యత్తా ప్రార్థన. పాపం, ఎవరి పిల్లో."

డయానా కలం మళ్ళీ కాగితం మీద ఆనించింది. బల్లమీద ఫోనులో ఎమిలీ ఇంకా లైనులోనే ఉంది.